కాలువ గట్టున విశ్వాసము: ధాత కరువులో ఒంగోలు క్లౌ దొర చేసిన పని

చెన్నపట్టణమున చిరకాలముగా నివసించుచున్న తెలుగువారికి బకింగుహాము కాలువ తెలియనిది కాదు. నగరము నడుమ నేడది యొక మురుగు కాలువగా మిగిలినది. దాని యొడలి మీదనే ఎత్తైన రైలు మార్గమునకు స్తంభములు నాటిరి. కాని ఈ కాలువ మీదనే యొకప్పుడు నెల్లూరు, ఒంగోలు తీరముల నుండి బియ్యము, ఉప్పు, సరుగుడు కట్టెలు, ఎండు చేపలు పడవలకెక్కి మద్రాసు చేరుచుండెను. గాలి వాలుగా నున్నప్పుడు తెరచాపతోను, లేనప్పుడు గట్టున నడచు మనుష్యులు త్రాటితో లాగగాను ఆ పడవలు సాగుచుండెడివి. ఉత్తరమున పెదగంజాము మొదలు దక్షిణమున మరక్కాణము వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు 160 కిలోమీటర్లకు పైగా తమిళనాటిలో నున్నది, తక్కినది ఆంధ్రదేశములోనిది. ఈ విధముగా చూచిన, ఇది మన పుట్టినింటిని మెట్టినింటిని కలిపిన నీటి త్రోవ.

కాలువకు పేరిచ్చిన బకింగుహాము ప్రభువు 1875 మొదలు 1880 వరకు మద్రాసు గవర్నరు. ఆయన పేరు నిలిచినది. మట్టి త్రవ్వినవారి పేర్లు నిలువలేదు. అది లోకమున నున్న రీతియే గనుక దానిని గూర్చి వగచి లాభము లేదు. అయితే ఈ కాలువలో ఒంగోలు ప్రాంతమున మూడున్నర మైళ్ళ మేర ఎవరు త్రవ్విరో, ఎవరు త్రవ్వించిరో, ఏ మనస్సుతో త్రవ్వించిరో మనకు స్పష్టముగా తెలియును. ఈ వ్యాసము ఆ మూడున్నర మైళ్ళను గూర్చినది.

మన సంఘముల సంచికలలో రాయల కాలము, తంజావూరి నాయకులు, త్యాగయ్యగారు మొదలగు విషయములు తరచుగా చదువుచుందుము. అది యుక్తమే. కాని పరదేశమున స్థిరపడిన మన కుటుంబములలో అనేకము రాజుల వెంట వచ్చినవి కావు; పని వెదకికొని వచ్చినవి. అట్టివారికి పనిని గూర్చిన చరిత్ర పరాయిది కాజాలదు. అదిగాక "సేవ" అను మాట మన సభలలో మిక్కిలి చౌకయైపోయినది. క్రైస్తవ విశ్వాసము గల యొక మనుష్యుడు సేవను పని నుండి విడదీయక, అదే సమయమున కూలిని విశ్వాసముతో కలుపక, ఎట్లు నడచుకొనెనో తెలిసికొనుట ఏ మతము వారికైనను ఉపయోగకరమని నా యభిప్రాయము.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. అతని కుటుంబము పడమటికి వలసపోయి ఇల్లినాయిలోను, పిదప అయోవాలోను వ్యవసాయము చేసికొనెను. యౌవనమున నతడు మిన్నెసోటా ప్రాంతమున సర్కారు సర్వే బృందములో పనిచేసి, గొలుసు పట్టుట, కొలత వేయుట, పటము గీయుట నేర్చెను. అప్పటి కతనికి దైవభక్తి యంతగా లేదు. కళాశాలలో చదువుకొను దినములలో నది కలిగినది. ఈ సర్వే విద్యను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దేవుని పిలుపు వచ్చినదని నమ్మినవాడు తాను మునుపు నేర్చిన పనిని పారవేసి రానక్కరలేదని ఈ కథలో తేలుచున్నది.

అతనిని పంపిన అమెరికను బాప్టిస్టు సంఘమునకు తెలుగు దేశమున అప్పటికి ఫలితము దాదాపు శూన్యము. శామ్యూల్ డే 1840లో నెల్లూరున మిషను స్థాపించెను. ఇరువది యేండ్లు గడచినను చేరినవారు వ్రేళ్ళ మీద లెక్కింపదగినంతమంది. ఈ మిషనును మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు పలుమారు తర్కించిరి. "ఒంటరి నక్షత్రము" అని దీనికి పేరు పడినది. 1854 జనవరి 1వ తేదీన నెల్లూరి మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ యెక్కి, ఆ యూరికొక మనిషిని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యందురు. ఆ మనిషి రావడానికి పండ్రెండేండ్లు పట్టినది. క్లౌ 1865లో మద్రాసులో దిగి, కొంతకాలము నెల్లూరున తెలుగు నేర్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరెను.

అతడు చేరకముందే అతని పనికి పునాది వేసినవాడు వేరొకడు గలడు. ఎర్రగుంట్ల పేరయ్య తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వర్తకుడు, రాజయోగము అభ్యసించినవాడు. వర్తకము మీద ఉత్తరమునకు పోయి, ఏలూరున నొక మిషనరీ వలన క్రైస్తవ బోధ విని, తనవారికి తానే చెప్పనారంభించెను. 1866లో అతడు, అతని భార్య బాప్తిస్మము పొందిరి. తెలుగు దేశపు క్రైస్తవోద్యమమును దొరలే నడపిరని తలచువారు పేరయ్య చరిత్రను చదువవలెను. దొర రాకముందే ప్రశ్న పుట్టినది. దానిని అడిగినవాడు తోలుపని చేయు తెలుగువాడు.

ఒంగోలులో క్లౌ దొరకు తొలి చిక్కు వెంటనే వచ్చినది. అగ్రవర్ణముల వారు కొందరు అతని బడికి పిల్లలను పంపిరి. కొందరు బోధయందును ఆసక్తి చూపిరి. కాని మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమనిరి. దొరయు దొరసానియు వేర్వేరుగా బైబిలు తెరవగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని యొకే భాగము కనబడినదట; లోకము తృణీకరించిన వారినే దేవుడు ఏర్పరచుకొనునను భావము గల భాగమది. వారు మాదిగలను చేర్చుకొనిరి. పై కులముల పిల్లలు బడి విడిచిపోయిరి.

ఇచ్చట నాటి మాదిగల బ్రతుకును గూర్చి కొంత చెప్పక తీరదు. ఊరివారికి చెప్పులు, మోటకు తోలు బాన, ఎడ్లకు వారులు వారే చేయవలెను. పండుగకు డప్పు కొట్టవలెను. పిలిచినప్పుడు వెట్టికి పోవలెను. చచ్చిన పశువును ఈడ్చికొనిపోవలెను. దాని మాంసమే వారి కూడు. ఇందుకు ప్రతిఫలము కోతల నాడు కళ్ళములో పడవేసిన గింజలు. అనగా వారు పగలంతయు పనిచేయుచుండిరి గాని పనికింత కూలి యను లెక్క వారి జీవితమున లేదు. క్లౌ తన సంఘములో చేరువారికి ముఖ్యముగా మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకివి మతనియమములే. కాని గ్రామములో ఇవి పెను తుపాను లేపినవి. ఆదివారము రాను, డప్పు కొట్టను అని చెప్పిన మాదిగ, తన దేహము మీద తనకు కొంత హక్కు గలదని చెప్పినట్లయినది. ఊరి పెద్దలు బావులు మూసిరి, కొట్టిరి, దొంగతనములు మోపిరి. దొర వారి పక్షమున అధికారుల చుట్టు తిరుగవలసివచ్చెను.

ఇట్లు పది సంవత్సరములు గడచిన పిమ్మట 1876 వచ్చినది. అది ధాత నామ సంవత్సరము. మన ముసలివారు ధాత కరువు అనునదియు, తమిళులు తాదు వరుష పంజము అనునదియు ఇదియే. ఆ యేడు వానలు పోయినవి. మరుసటి యేడును సరిగా రాలేదు. కరువు వెంట కలరా వచ్చినది. దక్షిణ దేశమున చచ్చినవారి సంఖ్యను చరిత్రకారులు ఏబది లక్షలకు తక్కువగా వేయరు.

సర్కారు కరువు పనులు పెట్టినది. ఇండియా ప్రభుత్వము పక్షమున వచ్చిన సర్ రిచర్డు టెంపులు, ఖర్చు తగ్గింపదలచి, పనిచేయు మనిషికి దినమునకొక పౌను ధాన్యమును, దాని మీద స్వల్పమైన రొక్కమును చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఆ కూలితో మట్టిపని చేయువాడు బ్రతుకజాలడని తీవ్రముగా వాదించెను. ఈ వాదము కచేరీ కాగితములలో జరుగుచుండగా రోడ్ల ప్రక్కల శవములు పడుచుండెను. ముప్పది యేండ్లకు పైగా ఫైళ్ళ నడుమ గడిపిన నావంటివానికి ఈ ఘట్టము చదువునప్పుడెల్ల మనస్సు కలతపడును. ఒక గుమాస్తా చక్కని దస్తూరితో వ్రాసిన "పౌను" అను మాటలో ఎన్ని ప్రాణములున్నవో ఆ వ్రాసినవానికి తెలిసియుండదు.

ఈ కరువు పనులలో కాలువ యొకటి. మద్రాసుకు ఉత్తరమున 1806లో కాక్రేను దొర మొదలిడిన కాలువను పలు దఫాలుగా పొడిగించుచు వచ్చిరి. మద్రాసు నగరములో కూవము, అడయారు నదులను కలుపు 8 కిలోమీటర్ల భాగమును 1877–78లో ఈ కరువు సందర్భముననే త్రవ్విరి. ఒంగోలు వైపు కూడ పని సాగుచుండెను. అయితే మాదిగలు అచ్చటికి పోవుటకు జంకిరి. పైవిచారణ చేయువారు ఇతర కులములవారు. తిట్లు, దెబ్బలు, కూలిలో కోత. ఆకలికంటె అవమానము పెద్దదా యని మనము తేలికగా అడుగవచ్చును. అనుభవించినవారు ఆ ప్రశ్న వేయరు.

క్లౌ దొర యొద్దకు దినదినము వందలకొలది జనులు వచ్చి కూడు పెట్టుమనుచుండిరి. అతడు విరాళములు తెప్పించి పంచుచుండెను. కాని చేయి చాపి పుచ్చుకొనుట ఎన్నాళ్ళు? అప్పుడతనికి తన పాత విద్య జ్ఞాపకము వచ్చినది. కాలువ ఇంజనీర్లను కలిసి, తానే పూచీ వ్రాసి యిచ్చి, మూడున్నర మైళ్ళ పనిని కంట్రాక్టుగా తీసికొనెను. మతబోధకుడు మట్టిపని కంట్రాక్టరగుట ఆ కాలమున వింతయే. అతని సంఘపువారు సముద్రము దాటించినది సువార్త చెప్పుమని గాని కాలువ త్రవ్వుమని కాదు. క్లౌ ఈ రెంటికి వైరుధ్యమున్నదని తలచలేదు.

రాజుపాలెము వద్ద దండు వేసిరి. గుడిసెలు వేసిరి, త్రాగు నీటికి బావులు త్రవ్విరి. తన క్రింది బోధకులు ముప్పదిమందిని పిలిచి, ఒక్కొక్కనికి నూరుగురు చొప్పున కూలీలను ఒప్పగించెను. అనగా ఒకేసారి మూడువేలమంది. పార, గడ్డపార, తట్ట. మగవారు త్రవ్వుట, ఆడవారు మోయుట.

మట్టిపని లెక్క యెరుగనివారికి ఒక మాట. ఈ పనిలో మోసమంతయు కొలతలోనే యుండును. ఎంత లోతు త్రవ్విరో తెలియుటకు నడుమనొక మట్టి దిమ్మెను త్రవ్వక విడుతురు. కూలివాడు దిమ్మె తల మీద మన్ను వేసి దానిని ఎత్తు చేయవచ్చును. లేక అధికారి కొలబద్దను వాలుగా పెట్టి లోతును తగ్గింపవచ్చును. ఎటు చేసినను ఒకనికి అన్యాయమే. కొలత వేయువాడు నమ్మదగినవాడైననే కూలి కూలియగును. క్లౌ స్వయముగా సర్వే నేర్చినవాడు గనుక సర్కారు ఇంజనీరు ముందును, తన బోధకుల ముందును నిలిచి లెక్క చెప్పగలిగెను. అదివరకు మాదిగవాడలో ప్రార్థన చేయించిన బోధకుడే ఇప్పుడు ఆ వాడవారికి పని చూపి హాజరు వేయుచుండెను. తమవాడే తమకు పైవిచారణదారుడైనప్పుడు కలుగు ధైర్యమెట్టిదో, భాష రాని ఊళ్ళో తొలిసారి పనిలో చేరి మేస్త్రీ నోట తెలుగు మాట విన్న వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మధ్యాహ్న విరామమున ఆ నూరుగురు తమ బోధకుని చుట్టు కూర్చుండెడివారు. అతడు వారితో మాటలాడును. అలసి భారము మోయువారిని క్రీస్తు తన యొద్దకు పిలిచిన మాటను వారి భాషలో చెప్పును. తట్ట దించి వచ్చిన చెమట ఆరకముందే విన్న ఆ మాటకు ఎట్టి యర్థము తోచియుండునో ఊహింపవచ్చును. మాదిగలే గాక ఇతర కులముల వారును పని వెదకికొని వచ్చిరి. కొందరు కొన్ని వారములు పనిచేసి తమ ఊళ్ళకు పోయిరి. వారి స్థానమున వేరొకరు వచ్చిరి. ఈ రాకపోకల వలన ఆ బోధ దూరదూరములకు ప్రాకినది.

సహజముగా అనేకులు బాప్తిస్మమడిగిరి. ఈ కథలో నాకు మిక్కిలి గొప్పగా తోచునది ఇచ్చటనే యున్నది: క్లౌ నిరాకరించెను. 1877 వసంతము మొదలు 1878 జూను వరకు, సుమారు పదిహేను నెలలు, ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. అతని బోధకులే వచ్చి బ్రతిమాలిరి. అతడు వినలేదు. తన చేతిలో కూలి డబ్బున్నది, ధర్మపు డబ్బున్నది. ఆ డబ్బున్నంత కాలము ఎవడు విశ్వాసము వలన వచ్చెనో, ఎవడు ఆకలి వలన వచ్చెనో మనుష్యుడు తేల్చజాలడు. తేల్చలేనప్పుడు ఆగవలెను. ఇది అతని తీర్మానము. ఏండ్ల తరబడి ఫలితము లేక మూసివేయబోయిన మిషను అది. ఒక్కొక్క పేరును అమెరికాకు సంతోషముగా వ్రాసి పంపుకొన్న మిషను అది. అట్టి మిషనులో, వేలమంది వాకిట నిలిచి తలుపు తట్టుచుండగా, పదిహేను నెలలు లెక్క పుస్తకమున సున్న వ్రాసికొనుటకు ఎంత నిగ్రహము కావలెను!

1878లో పరిస్థితి చక్కబడినది. క్లౌ వచ్చినవారితో తన యొద్ద ఇక ఈయదగిన డబ్బు లేదనియు, ఇండ్లకు పొండనియు చెప్పెను. వారు పోలేదు. మాకు డబ్బు వద్దు, మా చేతిపని మాకున్నది, చచ్చినను క్రైస్తవులుగా చత్తుము అను భావమున వారు బదులు చెప్పిరని అతడు తన చరిత్రలో తెలిపియున్నాడు. అప్పుడు గాని అతడు మెత్తబడలేదు. జూను 16న బాప్తిస్మములు మరల మొదలైనవి. ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డున వెలుంపల్లి వద్ద జనులు గుమిగూడిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు మొత్తము 3,536. ఒక్కొక్క గ్రామపు బోధకుడు తనవారిని ఎరిగినవాడగుటచే ముందుగా విచారించి, తగినవారిని ముందుకు పంపెను. ఏటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు; ఒకేసారి ఇద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చిరి. క్లౌ ఒక్కరికిని తన చేతితో ఈయలేదు. గట్టున నిలిచి ఏర్పాట్లు చూచుకొనెను. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘము పండ్రెండు వేలను దాటినది.

దీని మీద ఆక్షేపణలు నాడును కలవు, నేడును కలవు. ఇవి కరువు బాప్తిస్మములే గదా, అన్నము కొరకు చేరినవారే గదా యని అనినవారు క్రైస్తవులలోనే యుండిరి. ఆక్షేపణను కొట్టివేయుట న్యాయము కాదు. కూలి ఆగిపోయినను, కూలి యిచ్చి కాపాడిన చేతి యెడ కృతజ్ఞత ఆగిపోదు. కృతజ్ఞతకు విశ్వాసమునకు నడుమ గీత గీయగలవాడెవడు? మరియొక సంగతి: వేలమంది ఒక్కసారి చేరినప్పుడు వారికి చదువు చెప్పుటకు, ఊరి పెద్దల కోపము నుండి కాచుటకు చాలినంత మంది లేరు. కులభేదము సంఘములో పూర్తిగా చావలేదు. ఇవన్నియు నిజమే. కాని అన్నమిచ్చి మతమమ్మినాడను నింద మాత్రము క్లౌకు అంటదు. ఆ పదిహేను నెలల సున్నయే అతనికి సాక్ష్యము. సేవ చేయువానికి లాభమపేక్షింపగూడదని మనము సులభముగా చెప్పుదుము. డబ్బు లాభమును విడుచుట కొంత సులభము. తన ఉద్యమమునకు కలుగు లాభమును, సభ్యుల పట్టీ పెరుగుటను విడుచుట కష్టము. సంఘములు నడపువారికి ఈ కష్టము తెలియును.

ఇంకొక మాట కూడ నాకు తోచుచున్నది. ఆ కాలమున క్రైస్తవ సేవ యనగా సాధారణముగా బడి, వైద్యశాల, అనాథాశ్రమము. క్లౌ చేసినది వీనిలో చేరదు. అతడు దానముతో ఆగలేదు, పని తెచ్చెను. తరతరములుగా వెట్టి చేసినవారికి, ఇంత మట్టికి ఇంత కూలి యని లెక్కగట్టి చేతిలో పెట్టించెను. పౌను ధాన్యముతో సరిపెట్టుకొమ్మను దినములలో కొలత ప్రకారము వచ్చు కూలికి వెలయెంతో వేరుగా చెప్పనక్కరలేదు. అదియును ప్రార్థనతో సమానమైన పనియే యని అతడు నమ్మెనని అతని నడత వలన స్పష్టము. అతడు 1910లో అమెరికాలో మరణించెను. రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ అతని మాటలను కూర్చి 1914లో ఆంగ్లమున ప్రకటించిన చరిత్రకు పేరే "ప్రాచ్య దేశమున సాంఘిక క్రైస్తవము" అను నర్థము వచ్చునట్లు పెట్టబడినది. ఈమె అమెరికాలో సాంఘిక న్యాయమును క్రైస్తవ ధర్మముగా బోధించిన వాల్టరు రౌషెన్‌బుష్ సోదరి. మాదిగల ఇండ్లలోని కథలను, యోగ సంప్రదాయములను ఆమె 1899లోనే వేరొక గ్రంథముగా వ్రాసియుండెను. నాటి తెలుగు పండితులు చూడని ఇండ్లలోనికి ఆమె తొంగి చూచినది.

కాలువ పిమ్మటి చరిత్ర అంత సంతోషకరము కాదు. రైలు, రోడ్డు వచ్చి పడవ వర్తకమును మ్రింగినవి. తుపానులు గట్లను తెంచినవి. 1965, 66 సంవత్సరముల తుపానుల తరువాత అది మరల కోలుకొనలేదు. 2004 సునామీ పొంగును మాత్రము తీరమున కొన్ని చోట్ల అది తనలోనికి తీసికొని ప్రాణములు కాపాడినదని చెప్పుదురు. 2008లో దీనిని నాలుగవ జాతీయ జలమార్గములో భాగముగా ప్రకటించిరి.

మనుష్యుల చరిత్ర కాలువకంటె దూరము పోయినది. కరువు ముగిసిన 1878లోనే జూయెట్ దొర మద్రాసు చేరి, అచ్చటి తెలుగువారి కొరకు మిషను తెరచెను. చెన్నపట్టణపు తెలుగు బాప్టిస్టు కుటుంబములలో పలువురి పూర్వులు ఆ తరువాతి దశాబ్దములలో ఒంగోలు, నెల్లూరు వైపు నుండి వచ్చినవారే. మరికొందరు కూలి ఒడంబడికల మీద ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరి చెరకు తోటలలోను, తేయాకు తోటలలోను పనిచేసిరి. వారికొక బోధకుడు కావలెనని కబురు రాగా, ఇచ్చటి తెలుగు బాప్టిస్టులు అమెరికాను అడుగలేదు. తాము స్థాపించుకొన్న స్వదేశ మిషను సంఘము ద్వారా, తమ చందాలతో నెల్లూరి జాన్ రంగయ్యను 1903లో కుటుంబ సమేతముగా పంపిరి. వెట్టి గింజలు తప్ప కూలి యెరుగని వారి బిడ్డలు, పావలాలు అర్ధణాలు ప్రోగుచేసి, సముద్రము ఆవలి తమవారికి బోధకుని పంపిరి. రంగయ్య కియర్స్నీ తేయాకు తోటలో కూలీల నడుమ దిగి, ఆ యేడే అక్కడ తెలుగు బాప్టిస్టు సంఘమును నెలకొల్పెను.